నంబరు మనిషిది, స్టిక్కరు డ్రోన్‌ది

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల పాఠకులు డ్రోన్ల గురించి పంపిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. చదువుకో, పిల్లల్ని చూడటానికో యూరప్ వెళ్తూ డ్రోన్ కూడా పట్టుకెళ్దామనుకునేవాళ్లు అడిగినవే ఇవన్నీ.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్. చదువుకి జర్మనీ వెళ్తున్నాడు. వాడి దగ్గర 249 గ్రాముల కెమెరా డ్రోన్ ఉంది. 2021లో కొన్నది. ఇక్కడ డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ పోర్టల్లో నంబరు తీసుకున్నాం. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి అక్కడ ఏ కాగితమూ అక్కర్లేదని వాడి స్నేహితులంటున్నారు. నిజమేనా? ఇక్కడి నంబరు అక్కడ చెల్లుతుందా?
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: ఇక్కడి నంబరు అక్కడ చెల్లదు. కాగితాలు అక్కర్లేదన్న మాట సగమే నిజం.

ముందు నంబరు సంగతి. మన దేశంలో ఇచ్చే నంబరు, అంటే యూఐఎన్, డ్రోన్‌ది. దాని సీరియల్ నంబరుకీ, లోపలి ఫ్లైట్ కంట్రోలర్‌కీ, రిమోట్‌కీ ముడిపెట్టి ఇస్తారు. మోటార్‌సైకిల్ నంబరు ప్లేటు లాంటిదన్నమాట. యూరప్‌లో అలా కాదు. అక్కడ నంబరు మనిషికిస్తారు, అతన్ని ఆపరేటర్ అంటారు. మీ అబ్బాయి దగ్గర ఒక డ్రోన్ ఉన్నా నాలుగున్నా ఆపరేటర్ నంబరు ఒక్కటే, అదే నంబరు నాలుగింటి మీదా అతికించాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే మిగతా నిబంధనల్లో చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

ఇక 250 గ్రాముల మాట. ఆ బరువు లోపల మినహాయింపు ఉన్నది పైలట్ పరీక్షకు. అంటే డ్రోన్‌తో వచ్చిన యూజర్ మాన్యువల్ చదివితే చాలు, పరీక్ష రాయక్కర్లేదు. ఆపరేటర్ నమోదు వేరే సంగతి. బరువు 250 గ్రాములు దాటినా, దాటకపోయినా కెమెరా ఉంటే నమోదు తప్పదు. మనుషుల ముఖాలు పట్టే కెమెరా ఉంది కాబట్టి ఆ నిబంధన పెట్టారు. పిల్లల బొమ్మల చట్టం కింద బొమ్మగా అమ్మినవాటికే మినహాయింపు. మీ అబ్బాయి డ్రోన్ ఆ కోవలోకి రాదు.

నమోదు ఎక్కడ? నివాసం ఉండే దేశంలో. చదువుకి వెళ్లి అక్కడే ఉంటాడు కాబట్టి జర్మనీలో, ఎల్‌బీఏ అనే విమానయాన కార్యాలయం పోర్టల్లో చేసుకోవాలి. పది రోజులు తిరిగి వచ్చే పర్యాటకులైతే మొదట ఎగరేసే దేశంలో చేసుకోవాలి. ఎక్కడ చేసుకున్నా యూరోపియన్ యూనియన్ 27 దేశాల్లోనూ, వాటితో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్, స్విట్జర్లాండ్‌లోనూ అదే నంబరు చెల్లుతుంది. రెండు దేశాల్లో రెండు నంబర్లు తీసుకోవడం మాత్రం నిబంధనకు విరుద్ధం. సెలవులకి ముందుగా పారిస్ వెళ్లి అక్కడ నమోదై, తర్వాత జర్మనీలో స్థిరపడితే పాతది రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

జర్మనీలో ప్రతి డ్రోన్‌కీ, ఎంత చిన్నదైనా, థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. నమోదు ఫారంలో బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు అడుగుతారు. కాబట్టి బీమా ముందు, నమోదు తర్వాత. విద్యార్థులు అక్కడ తీసుకునే మామూలు బాధ్యతా బీమాలో డ్రోన్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పాలసీలో డ్రోన్ అన్న మాట కనిపించాలి. లేకపోతే విడిగా తీసుకోవాలి.

పేరు దగ్గర మనవాళ్లకు తరచూ చిక్కొస్తుంది. సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో ఫారంలోనూ అదే గడిలో అదే నింపమనండి. ఈమెయిల్ కాలేజీది కాకుండా సొంతది ఇవ్వాలి. కాలేజీ అయిపోగానే ఆ మెయిల్ మూసేస్తే, గడువు తేదీ గుర్తుచేసే ఉత్తరం కూడా అందదు. పోర్టల్ లింకు యూరప్ విమానయాన భద్రతా సంస్థ వెబ్‌సైట్లో దేశాల జాబితా నుంచే తెరవాలి. ఫీజు తీసుకుని నమోదు చేసిపెడతామనే ప్రైవేటు సైట్ల జోలికి పోవద్దు.

చివరగా తూకం. 249 అని పెట్టె మీద రాసి ఉన్నది నమ్మి ఊరుకోకండి. బంగారం షాపు త్రాసు మీద పెట్టి చూడండి. బ్యాటరీ, మెమరీ కార్డు, రెక్కలు, స్టిక్కరు అన్నీ ఆ తూకంలోకే వస్తాయి. ఎక్కువసేపు ఎగరడానికి పెద్ద బ్యాటరీ వేస్తే ఈ బరువు డ్రోన్లు కొన్ని 290 గ్రాముల దగ్గరికి పోతాయి. రెక్కలకి గార్డులు బిగించినా 250 దాటుతుంది. దాటిన నిమిషం నుంచి అది వేరే తరగతి, పరీక్ష కూడా తప్పదు.

జర్మనీలో ఇంకొకటి చూసుకోవాలి. కెమెరా ఉన్న డ్రోన్‌ని ఇళ్ల స్థలాల మీదుగా నడపాలంటే ఆ ఇంటివాళ్ల అనుమతి ఉండాలి. హాస్టల్ కిటికీలోంచి పక్కింటి పెరడు మీదికి పంపడం కుదరదు. ఎక్కడ ఎగరొచ్చో డీఐపీయూఎల్ అనే ప్రభుత్వ మ్యాపులో ఉంటుంది.

ప్రశ్న: మా అల్లుడు గారు నెదర్లాండ్స్‌లో 720 గ్రాముల డ్రోన్ కొన్నారు. నమోదు నంబరు వచ్చింది. యాప్‌లో కొడితే తప్పు నంబరు అని తిరగ్గొడుతోందట. స్టిక్కర్లు మా ఊళ్లో చవక అని నన్ను చేయించి పంపమన్నారు. నంబరు చివర గీత పెట్టి ఇంకో మూడు అక్షరాలున్నాయి. రేడియం షాపువాడు మొత్తం కొట్టమంటారా అని అడుగుతున్నాడు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మొత్తం కొట్టించకండి! గీతకి ముందున్న 16 అక్షరాలు మాత్రమే స్టిక్కరు మీదికి. గీత తర్వాత ఉన్న మూడూ రహస్యం, అవి యాప్‌కి మాత్రమే. మీ రెండు చిక్కులూ అక్కడే ఉన్నాయి.

ఆ నంబరు కట్టు ఇలా ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు దేశానివి. నెదర్లాండ్స్ అయితే ఎన్-ఎల్-డీ, జర్మనీ డీ-ఈ-యూ, ఫ్రాన్స్ ఎఫ్-ఆర్-ఏ. తర్వాతి పన్నెండూ వరుసా వావీ లేని అక్షరాలు, అంకెలు. పదహారోది సరిచూసే అక్షరం. ఆ పన్నెండింటినీ చివరి మూడు రహస్యాక్షరాలనూ కలిపి లెక్కకడితేనే ఈ పదహారోది సరిపోతుంది. మీ అల్లుడు గారు స్టిక్కరు మీద ఉండాల్సిన 16 మాత్రమే యాప్‌లో కొట్టి ఉంటారు. లెక్క కుదరక యాప్ కాదంటోంది. గీతతో సహా మొత్తం ఇవ్వాలి. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ ఎల్ అక్షరానికీ తేడా కళ్లకు అందదు కాబట్టి చేత్తో కొట్టొద్దు. వచ్చిన మెయిల్లోంచి కాపీ చేసి అతికించమనండి. అతికించేటప్పుడు చివర ఖాళీ జాగా కూడా కలిసొస్తే అదీ చెరపాలి.

ఆ మూడు అక్షరాలు ఎందుకు దాచాలంటే, దారినపోయేవాడెవడైనా మీ అల్లుడు గారి డ్రోన్ మీది 16 అక్షరాలు చూసి తన డ్రోన్‌లో ఎక్కించుకుని, తప్పు తాను చేసి ఈయన మీదికి తోయకుండా. స్టిక్కరు మీద 19 ఉన్నాయంటే తాళంచెవి తాళానికే వదిలేసినట్టు.

720 గ్రాములది సీ1 ముద్ర (డ్రోన్ ఏ తరగతిదో చెబుతూ తయారీదారు వేసే గుర్తు) ఉన్న డ్రోన్ అయి ఉంటుంది. సీ1, సీ2, సీ3 ముద్రలున్నవాటిలో రిమోట్ ఐడీ తప్పనిసరి. ఎగిరినంతసేపూ ఆపరేటర్ నంబరుని రేడియోలో ప్రసారం చేస్తూనే ఉంటుంది. అందుకే యాప్‌లో ఎక్కించడమూ స్టిక్కరు అతికించడమూ రెండూ చేయాలి. ఒకటి చేశాం కదా అని రెండోది వదలకూడదు.

ఇక స్టిక్కరు. యూరప్‌లో అక్షరం ఎత్తు ఇంత అని కొలత పెట్టలేదు. డ్రోన్ నేల మీద ఉన్నప్పుడు మామూలు కంటితో, లేదా కళ్లజోడుతో చదవగలగాలి. అంతే. క్యూఆర్ కోడ్‌గా పెట్టినా ఒప్పుకుంటారు. మా సలహా 3 మిల్లీమీటర్ల ఎత్తు. 16 అక్షరాలు ఒకే వరుసలో సుమారు నాలుగు సెంటీమీటర్ల పట్టీలో పడతాయి. జాగా లేకపోతే ఎనిమిదేసి చొప్పున రెండు వరుసలు. తెల్ల వినైల్ మీద నల్ల అక్షరాలు చాలు. బండి ప్లేటుకి వేసే మెరిసే రేడియం అక్కర్లేదు. లోహపు పూత ఉన్న కాగితమైతే అసలు వద్దు. డ్రోన్ పైభాగంలో జీపీఎస్, కాళ్లలో యాంటెన్నాలు ఉంటాయి, లోహపు పొర వాటి సిగ్నల్‌కి అడ్డం పడుతుంది. ఇంక్‌జెట్ ప్రింటు తడికి కారిపోతుంది. లేజర్ ప్రింటు తీయించి పైన సన్నటి పారదర్శక టేపు వేయించండి. ఒకటి కాదు, నాలుగు చేయించి పంపండి, తూకమేమీ ఉండదు.

అతికించే చోటు మీద శ్రద్ధ పెట్టమనండి. చాలామంది బ్యాటరీ వీపు చదునుగా ఉందని దానిమీద అంటిస్తారు. బ్యాటరీ మార్చగానే నంబరు లేని డ్రోన్ ఎగురుతుంది. అడుగున గుండ్రటి గాజుకళ్లలా ఉండే సెన్సార్ల మీద పడితే దిగేటప్పుడు నేల కనపడక ఊగుతుంది. గాలి రంధ్రాలు మూస్తే వేడెక్కుతుంది. మడత కీలు మీద వేస్తే నాలుగు మడతలకే లేచిపోతుంది. మంచి చోటు మొండెం పక్క, లేదా వెనక చదును భాగం. ముందు స్పిరిటుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అతికించాక బొటనవేలితో అరనిమిషం గట్టిగా నొక్కి పట్టాలి. డ్రోన్ మరీ చిన్నదై బయట చోటు లేకపోతే బ్యాటరీ గూట్లో అతికించొచ్చు, సులువుగా తెరిచి చూడగలిగితే. 720 గ్రాముల డ్రోన్‌కి ఆ సాకు చెల్లదు.

ప్రశ్న: మే నెలలో పది రోజులు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ టూరు. నా దగ్గర 570 గ్రాముల పాత డ్రోన్ ఉంది. సీ ముద్ర ఏదీ లేదు. మన పౌర విమానయాన సంస్థ డీజీసీఏ ఇచ్చిన పైలట్ సర్టిఫికెట్ ఉంది. తీసుకెళ్లొచ్చా? సీ1 స్టిక్కరు నేనే ప్రింటు చేసి అతికిస్తే?
– ఒక ఫొటోగ్రాఫర్, జయపురం

జవాబు: తీసుకెళ్లొద్దనే చెబుతాం.

సీ ముద్ర తయారీదారు ఇచ్చే హామీ. మీరు ప్రింటు చేస్తే అది దొంగ ముద్ర. ఏవో కొన్ని మోడళ్లకు కంపెనీలే తర్వాత ముద్ర ఇచ్చాయి, మీ మోడల్‌కి ఉందేమో కంపెనీనే అడగాలి. ముద్ర లేని పాత డ్రోన్లకు ఇచ్చిన సడలింపు 2023 డిసెంబరు 31తో ముగిసింది. 2024 జనవరి 1 నుంచి ముద్ర లేక 250 గ్రాములు దాటిన ప్రతి డ్రోనూ ఏ3 అనే తరగతి కిందికే వస్తుంది. అంటే ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు, జనం విహరించే చోట్ల నుంచి 150 మీటర్ల దూరం ఉండాలి, ఎగిరే మేర సంబంధంలేని మనిషి ఒక్కడూ ఉండకూడదు. టూరు బస్సు ఆగే ఏ చోటైనా ఈ లెక్కకి తూగుతుందా? ఫ్రాన్స్‌లోనైతే ఊళ్లలోని బహిరంగ స్థలాల మీద ఎగరేయడమే నిషేధం.

మీ డీజీసీఏ సర్టిఫికెట్‌కి అక్కడ గుర్తింపు లేదు. ఏ1 (మనుషులకు దగ్గరగా ఎగరేయగల తరగతి), ఏ3 రెంటికీ కలిపి ఉన్న ఆన్‌లైన్ శిక్షణ చదివి, 40 బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్షలో 75 శాతం, అంటే 30 సరైన జవాబులు తెచ్చుకోవాలి. కనీస వయసు 16, కొన్ని దేశాలు తగ్గించాయి. సర్టిఫికెట్ ఐదేళ్లు చెల్లుతుంది. మీకున్న అనుభవానికి పరీక్ష కష్టం కాదు, కానీ పది రోజుల టూరులో 570 గ్రాముల డ్రోన్‌ని నిబంధనల ప్రకారం ఎగరేసే చోటు దొరకడమే కష్టం. 250 లోపుది ఎవరిదైనా దొరికితే సంగతి వేరు. అప్పుడు టూరులో ముందు ఏ దేశమో ఆ దేశంలో నమోదు చేసుకోండి. ఫ్రాన్స్‌లో ఆల్ఫాటాంగో పోర్టల్, ఫీజు లేదు.

కొండల్లో ఎత్తు లెక్క కూడా చూసుకోండి. 120 మీటర్ల హద్దుని బయలుదేరిన చోటు నుంచి కాక, డ్రోన్‌కి అతి దగ్గరగా ఉన్న నేల నుంచి కొలుస్తారు. దేవమాలి కొండ అంచున నిలబడి డ్రోన్‌ని తిన్నగా లోయ మీదికి పంపారనుకోండి. రిమోట్ మీద ఎత్తు 10 మీటర్లే కనిపిస్తుంది. కింద నేల, పక్క వాలు రెండూ 120 మీటర్లకు మించి దూరమైతే హద్దు దాటినట్టే. ఆల్ప్స్‌లో తెలియకుండా జరిగే తప్పు ఇదే.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంటుంది. పన్నెండేళ్ల మనవడు 249 గ్రాముల కెమెరా డ్రోన్ అడుగుతున్నాడు. జర్మనీలో ఉన్న మా మేనల్లుడి నంబరు వాడుకోవచ్చా?
– ఒక తాతగారు, సిరొంచ

జవాబు: కుదరదు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్లో లేదు, అక్కడి నంబర్లు వేరు. 2026 జనవరి 1 నుంచి అక్కడ హద్దు 100 గ్రాములు. 100 గ్రాములు, ఆపైన ఉన్నదాన్ని ఎగరేసేవాడికి ఫ్లయర్ ఐడీ, అందులో కెమెరా ఉంటే బాధ్యుడికి ఆపరేటర్ ఐడీ కూడా. ఆపరేటర్‌కి 18 ఏళ్లు నిండాలి, కాబట్టి అది మీ అమ్మాయి పేరనో అల్లుడి పేరనో తీసుకోవాలి, ఏటేటా పునరుద్ధరించాలి. మనవడు ఫ్లయర్ ఐడీ పరీక్ష రాస్తాడు, పదమూడేళ్ల లోపు వాడు కాబట్టి పెద్దవాళ్లు పక్కనుండాలి. స్టిక్కరు మీద ఆపరేటర్ ఐడీ మాత్రమే వేయాలి. అక్షరాలు 3 మిల్లీమీటర్లకు పైన, అన్నీ పెద్దబడి.

ప్రశ్న: ఐదంగుళాల రెక్కల ఎఫ్‌పీవీ డ్రోన్ (గాగుల్స్‌లో దాని కెమెరా దృశ్యం చూస్తూ నడిపేది) సొంతంగా కట్టుకున్నాను. మూడంగుళాలది ఒకటి 240 గ్రాములు తూగుతోంది. స్పెయిన్‌లో ఇంటర్న్‌షిప్. రెంటినీ తీసుకెళ్దామని. వీటికి కంపెనీ లేదు, సీరియల్ నంబరు లేదు. నమోదు ఎలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, బరంపురం

జవాబు: నమోదు మీకే కాబట్టి సీరియల్ లేకపోయినా ఇబ్బంది లేదు. ఒక్క ఆపరేటర్ నంబరు, రెండు డ్రోన్ల మీదా అదే. ఓపెన్ కేటగిరీలో (ముందస్తు అనుమతి అక్కర్లేని మామూలు ఎగరవేతల్లో) ముద్ర లేని సొంత డ్రోన్‌కి రిమోట్ ఐడీ యూరప్ అంతటికీ తప్పనిసరి కాదు. ఫ్రాన్స్‌లో మాత్రం 800 గ్రాములు, అంతకుమించి ఉంటే సిగ్నల్ పరికరం కావాలని అక్కడి చట్టం.

ఐదంగుళాలది ఏ3, అందులో సందేహం లేదు. మీరు పొరబడే అవకాశం మూడంగుళాలది. సొంతంగా కట్టింది ఏ1లోకి రావాలంటే 250 గ్రాముల లోపు ఉంటే చాలదు, గరిష్ఠ వేగం సెకనుకు 19 మీటర్ల లోపు ఉండాలి. అంటే గంటకు 68 కిలోమీటర్లు. మూడంగుళాల ఎఫ్‌పీవీ దీన్ని అవలీలగా దాటేస్తుంది. దాటితే 240 గ్రాములైనా ఏ3యే. డ్రోన్‌ని నడిపే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో థ్రాటిల్ పరిమితి తగ్గించి, జీపీఎస్‌తో వేగం కొలిచి, ఆ లాగ్ దాచుకోండి. ఎలాగూ ఐదంగుళాలదానికి ఏ1/ఏ3 పరీక్ష రాయక తప్పదు.

గాగుల్స్ పెట్టుకుంటే డ్రోన్‌ని కంటితో చూస్తూ ఉండే మనిషి మీ పక్కనే నిలబడాలి. మైదానం అవతలి గట్టు మీద నుంచి ఫోన్‌లో చెప్పడం కుదరదు. వీడియో ట్రాన్స్‌మిటర్ 5.8 గిగాహెర్ట్జ్‌లో 25 మిల్లీవాట్లు దాటకూడదు. ఇక్కడ 400, 600 మీద పెట్టి అలవాటైనవాళ్లు విమానం ఎక్కకముందే తగ్గించి లాక్ చేసుకోండి. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది అయితే 100 మిల్లీవాట్లు. అమెరికా వాళ్ల 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ పట్టుకెళ్లొద్దు.

స్టిక్కరు చేతుల మీద వద్దు, పడినప్పుడు ముందు విరిగేవీ మార్చేవీ అవే. పై ప్లేటు మీద బ్యాటరీ పట్టీ ఒరుసుకోని చోట, కెమెరా వెనక వేయండి. కార్బన్ ఫైబర్ నేత మీద జిగురు సరిగా పట్టదు, అంచుల మీదుగా పారదర్శక టేపు లాగండి.

వెళ్లేలోపు సాధన చేసేది గోపాలపురం తీరంలోనైతే ముందు డిజిటల్ స్కై మ్యాపు చూడండి. అక్కడ సైన్యం వారి ఎయిర్ డిఫెన్స్ కళాశాల ఉంది.

ప్రశ్న: బ్యాటరీలు విమానంలో ఎలా? అక్కడ కొన్న డ్రోన్ తిరిగి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, బల్లార్షా

జవాబు: బ్యాటరీలన్నీ చేతి సంచీలోనే, చెకిన్ పెట్టెలో ఒక్కటీ వద్దు. హద్దు 100 వాట్ అవర్. వోల్టులని ఆంపియర్ అవర్‌తో గుణిస్తే వస్తుంది. 7.38 వోల్టులు, 2453 మిల్లీఆంపియర్ అవర్ ఉంటే 18.1. ఎఫ్‌పీవీ వాళ్ల ఆరు సెల్లుల 1300ది 28.9. హాబీ బ్యాటరీలు దాదాపు అన్నీ హద్దు లోపలే. 100 నుంచి 160 మధ్య ఉన్నవాటికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అదీ విడి బ్యాటరీలు రెండే. పిన్నుల మీద టేపు వేసి ఒక్కోటి విడి కవర్లో పెట్టండి. లైపోలయితే (లిథియం పాలిమర్ బ్యాటరీలు) సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఆపండి, నిండా చార్జి చేసి పెట్టొద్దు.

అక్కడ కొన్న డ్రోన్ మాత్రం తేకండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి మన దేశంలోకి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషిద్ధం. కస్టమ్స్ వాళ్లు ఆపేస్తారు. ఇక్కడిదే పట్టుకెళ్లి తిరిగి తెచ్చేటట్టయితే, వెళ్లే రోజే దేశం దాటే విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటరు దగ్గర డ్రోన్, సీరియల్ నంబరు, కొన్న బిల్లు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. సామాను చెకిన్ చేసేశాక చూపించడానికి డ్రోన్ చేతిలో ఉండదు, కాబట్టి అంతకు ముందే. తిరిగొచ్చేటప్పుడు ఆ కాగితం లేకపోతే ఇది మీదే, ఇక్కడి నుంచే వెళ్లింది అని నిరూపించడం చాలా కష్టం. విశాఖలోనో నాగపూర్‌లోనో ఎక్కి ఢిల్లీలో విమానం మారేవాళ్లు కస్టమ్స్ ఏ ఊళ్లో పడుతుందో ముందే ఎయిర్‌లైన్‌ని అడిగి, డ్రోన్‌ని చేతి సంచీలోనే ఉంచుకోండి.

ప్రశ్న: ఇటలీలో ఉన్న మా పెదనాన్న గారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, డ్రోన్ మీద తన స్టిక్కరే ఉంది. వెళ్లినప్పుడు నేను ఎగరేస్తే నా నంబరు కూడా అతికించాలా?
– ఒక తమ్ముడు, కోరాపుట్

జవాబు: అక్కర్లేదు. మీ అన్నయ్య బాధ్యత మీద, ఆయన చెప్పినట్టు ఎగరేస్తున్నారు కాబట్టి ఆపరేటర్ ఆయనే. స్టిక్కరు ఆయనదే ఉండనివ్వండి. కానీ 250 గ్రాములు దాటితే పైలట్ పరీక్ష మీరే రాసి ఉండాలి, ఆయన పరీక్ష మీకు పనికిరాదు. ఇటలీలో బీమా తప్పనిసరి. ఆ పాలసీ ఇంకొకరు నడిపినా వర్తిస్తుందో లేదో అన్నయ్యని అడిగి తెలుసుకుని, సర్టిఫికెట్ కాపీ ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి.